తిరగలి ఇంజన్‌తో పన్నెండేళ్లు: నా మాజ్డా ఆర్‌ఎక్స్-8

2011 మార్చిలో, అప్పటికి 41 వేల మైళ్లు తిరిగిన 2005 మోడల్ మాజ్డా ఆర్‌ఎక్స్-8 కొన్నాను. ఆరు గేర్ల మాన్యువల్, ఎర్ర రంగు, పిస్టన్లకి బదులు రోటర్లు తిరిగే రోటరీ ఇంజన్. 2023 అక్టోబరులో అమ్మేనాటికి మీటరు 1,38,000 దాటింది. మధ్యలో ఒకసారి ఇంజన్ మొత్తం విప్పించి మళ్లీ కట్టించాను. మేముండేది నార్త్ కరోలినాలో, షార్లెట్‌లో. ఆఫీసుకి, పిల్లల బడికి, కూరగాయలకి, కొండ రోడ్ల మీద షికారుకి అన్నిటికీ ఈ కారే వాడాను. "రోటరీ కారు కొనొచ్చా?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. కొను అనో వద్దు అనో ఒక్క మాటలో తేల్చలేను. ఈ ఇంజన్ ఇచ్చే సుఖమూ, అది పెట్టించే ఖర్చూ ఒకే చోట పుడతాయి. ఆ చోటు ఏదో తెలిస్తే ఎవరికి వాళ్లే తేల్చుకోగలరు. అందుకే ముందు ఇంజన్ సంగతి చెప్పి తర్వాత నా కథలోకి వస్తాను.

కాకినాడలో మెకానికల్ చదివేటప్పుడు మా మాస్టారు బోర్డు మీద వాంకెల్ ఇంజన్, అంటే ఈ రోటరీ ఇంజన్ బొమ్మ గీశారు. పరీక్షలో ఐదు మార్కుల చిన్న ప్రశ్న. బొమ్మ గీసి నాలుగు భాగాల పేర్లు రాస్తే సరిపోయేది. ఆ బొమ్మ ఎలా తిరుగుతుందో అప్పుడు నిజంగా అర్థం కాలేదు. కారు కొన్నాక అట్టముక్కతో రోటర్ కత్తిరించి, బల్ల మీద పెట్టి తిప్పి చూస్తే గానీ బుర్రకెక్కలేదు.

మామూలు ఇంజన్ రోకలి లాంటిది. పిస్టన్ పైకి వెళ్లి ఆగుతుంది, కిందికి వచ్చి ఆగుతుంది, మళ్లీ పైకి. ఆ పోటుని కనెక్టింగ్ రాడ్డూ క్రాంక్‌షాఫ్టూ కలిసి తిరుగుడుగా మారుస్తాయి. నిమిషానికి కొన్ని వేలసార్లు ఒక లోహపు ముద్దని ఆపాలి, వెనక్కి మళ్లించాలి, మళ్లీ ఉరికించాలి. ఇంజన్ వణుకులో పెద్ద వాటా దానిదే. రోటరీ తిరగలి లాంటిది. అందులో ఆగి వెనక్కి మళ్లేది ఏదీ లేదు.

అయితే తిరగలి రాయి ఉన్నచోటనే తిరుగుతుంది, రోటర్ అలా కాదు. హౌసింగ్, అంటే రోటర్ తిరిగే గుల్ల, లోపలి ఆకారం రెండు గింజల వేరుశనగకాయని నిలువుగా చీల్చినట్టు, నడుము దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. దాని లోపల మూడు మూలల రోటర్, భుజాలు ఉబ్బిన త్రికోణం. రోటర్ తన చుట్టూ తాను తిరుగుతుండగానే దాని నడిబిందువు కూడా ఒక చిన్న సున్నా చుడుతుంది. బొంగరం గిర్రున తిరుగుతూనే నేల మీద సున్నాలు చుట్టడం చూసే ఉంటారు, అలాగ. రోటర్ మధ్యలో లోపలివైపు పళ్లున్న గేరు ఉంటుంది. అది పక్క గోడకి బిగించిన కదలని చిన్న గేరు మీద దొర్లుతుంది. పళ్ల నిష్పత్తి 3:2. ఈ లెక్క వల్లే రోటర్ మూడు మూలలూ ఏ క్షణంలోనూ గోడని వదలకుండా రాసుకుంటూ పోతాయి. మూలలు గోడని వదలవు కాబట్టి రోటర్‌కీ గోడకీ మధ్య ఎప్పుడూ మూడు గదులుంటాయి. తిరిగేకొద్దీ ప్రతి గదీ పెరుగుతుంది, తరుగుతుంది. పెరుగుతూ గాలినీ పెట్రోల్‌నీ పీల్చుకుంటుంది. తరుగుతూ ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. నిప్పు వేసే ప్లగ్‌ల ముందుకి రాగానే అది మండి రోటర్‌ని తోస్తుంది. ఆ తర్వాత పొగ బయటికి పోతుంది. వాల్వులు లేవు, క్యామ్‌షాఫ్ట్ లేదు. గోడల్లో ఉన్న కన్నాలని రోటరే దాటుతూ తెరుస్తుంది, మూస్తుంది.

రోటర్ ఒక చుట్టు పూర్తి చేసేలోగా దాని మధ్యలోంచి పోయే షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద ముల్లు నిమిషానికి 9 వేల చుట్లు చూపిస్తున్నప్పుడు లోపల రోటర్ తిరిగేది 3 వేలే. మూడు ముఖాలు, మూడు మంటలు, అంటే షాఫ్ట్ ప్రతి చుట్టుకీ ఒక్కో రోటర్ ఒక తోపు ఇస్తుంది. మామూలు ఫోర్ స్ట్రోక్ సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి ఇస్తుంది. పైగా రోటరీలో ఒక్కో తోపు షాఫ్ట్ 270 డిగ్రీలు తిరిగేదాకా సాగుతుంది, పిస్టన్‌లో 180 డిగ్రీలే. నా కారులో రెండు రోటర్లు. మొదటిది తోస్తుండగానే రెండోది అందుకుంటుంది. ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308 సీసీ. టర్బో లేకుండానే 238 హార్స్‌పవర్. ఈ కొలతలో చిన్న తిరకాసు ఉంది. తోపుల లెక్కలో ఇది ఇంతకంటే పెద్ద పిస్టన్ ఇంజన్‌తో సమానం. అందుకే జపాన్‌లో వాహన పన్ను వేసేటప్పుడు రోటరీ సీసీని ఒకటిన్నరతో హెచ్చిస్తారు. 1.3 లీటర్లకే ఇంత బలమా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. 1.3 లీటర్ల ఇంజన్ ఇంత తాగుతుందా అని కోప్పడేవాళ్లు కూడా.

ఇక నడపడం. మొదటిరోజు నాకు నచ్చింది వేగం కాదు. 4 వేలు దాటింది, 5 వేలు, 6 వేలు, చేతిలో గేర్ రాడ్డు వణకలేదు. మామూలు కారులో ఆ పాటికి ఇంజన్ "చాలు, గేరు మార్చు" అని అరుస్తుంది. ఇది ముందుకి రమ్మంటుంది. 6 వేలు దాటాక అదనంగా ఇంకో జత ఇన్‌టేక్ పోర్టులు తెరుచుకుంటాయి, శబ్దం మారుతుంది. 9 వేల ఎర్రగీత దగ్గరపడగానే గేరు మార్చమని ఒక బీప్ వినిపిస్తుంది. కొన్న కొత్తలో నేను ఎర్రగీత చేరానని తెలిసింది ఆ బీప్ వల్లనే, ఇంజన్ వణుకు వల్ల కాదు. పన్నెండేళ్ల తర్వాత కూడా ఈ విషయం తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంజన్ చిన్నది, తేలిక. దాన్ని ముందు ఇరుసుకి వెనకగా, కిందికి దించి కూర్చోబెట్టారు. బరువు ముందూ వెనకా సగం సగం. దీని అర్థం నాకు తెలిసింది టెనెసీ సరిహద్దులో, అక్కడివాళ్లు 'టెయిల్ ఆఫ్ ది డ్రాగన్' అనే రోడ్డు మీద. 11 మైళ్లలో 318 మలుపులు. ఏడాదికి ఒకసారైనా వెళ్లేవాణ్ని. స్టీరింగ్ కొద్దిగా తిప్పితే కారు ముక్కు ఆలోచించకుండా తిరుగుతుంది. ముందు బరువైన ఇంజన్ ఉన్న కార్లలో మలుపు మొదట్లో ఒక జాగు ఉంటుంది చూశారా, అది ఇందులో లేదు. మూడో గేరులో, 5 వేలకీ 8 వేలకీ మధ్య, బ్రేక్ అంతగా తొక్కకుండా ఆ రోడ్డంతా పోవచ్చు. ఈ కారుని ఎందుకు అంతకాలం ఉంచుకున్నానో ఆ రోడ్డు మీద నా పక్కన కూర్చున్నవాళ్లెవరూ అడగలేదు.

ఊళ్లో మాత్రం వేరే కథ. టార్క్, అంటే తిప్పే బలం, 216 న్యూటన్ మీటర్లే, అది కూడా 5,500 దగ్గర. కింద ఖాళీ. ఎండాకాలం ఏసీ వేసుకుని, నలుగురం ఎక్కి, ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరాలంటే ఇంజన్ బాగా లేపి క్లచ్ వదలాలి. మా ఆవిడ మొదట్లో చాలాసార్లు ఆపేసింది. "మీ కారుకి ముందు బతిమాలుకోవాలండీ" అనేది. నిజమే. పక్కనున్న మామూలు నాలుగు సిలిండర్ల కారు ట్రాఫిక్‌లో దీనికంటే చురుగ్గా కదులుతుంది.

వెనక తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, మధ్యలో స్తంభం ఉండదు. పిల్లల సీటు బిగించడానికి ఇంత సుఖమైన స్పోర్ట్స్ కారు ఇంకోటి నేను చూడలేదు. కాకపోతే ముందు తలుపు తీస్తే గానీ వెనక తలుపు రాదు. ఇరుకు పార్కింగ్‌లో రెండు కార్ల మధ్య దిగాలంటే ఇబ్బంది.

పెట్రోల్ సంగతి దాచను. ప్రతిసారీ కొట్టించినంత నోటుబుక్కులో రాసుకున్నాను. పన్నెండేళ్ల సగటు గ్యాలన్‌కి 17 మైళ్లు, అంటే లీటరుకి ఏడు కిలోమీటర్ల పైచిలుకు. హైవే మీద నిలకడగా పోయినప్పుడు 22 దాకా వచ్చింది. చలికాలం ఊళ్లో 14కి పడిపోయిన వారాలున్నాయి. పైగా ఖరీదైన ప్రీమియం పెట్రోలే పోయాలి. 97 వేల మైళ్లకి సుమారు 5,700 గ్యాలన్లు. ఇదే దూరం 28 మైళ్లిచ్చే కారులో తిరిగితే 3,500 లోపే సరిపోయేది.

ఎందుకింత తాగుతుంది? మంట పుట్టే గది ఆకారం వల్ల. పిస్టన్ తలమీద గది గుండ్రంగా, ముద్దగా ఉంటుంది. రోటరీలో అది అప్పడంలా పల్చగా, పొడుగ్గా, వంపు తిరిగి ఉంటుంది. ఆ ఉన్నది కూడా ఒకచోట ఉండదు, మండుతూండగానే జరిగిపోతుంటుంది. కప్పులో కాఫీ కంటే సాసర్లో పోసిన కాఫీ త్వరగా చల్లారుతుంది కదా. ఇక్కడ జరిగేదీ అదే. పరుచుకున్న గోడలు వేడిని లాగేసుకుంటాయి. రోటర్‌ని తొయ్యాల్సిన వేడి రేడియేటర్‌లోకి పోతుంది. మంట ఆ పొడుగు గదిలో చివరిదాకా సమయానికి చేరలేదు, అందుకే ఒక్కో రోటర్‌కి రెండేసి ప్లగ్‌లు. అయినా మూలల్లో కొంత పెట్రోల్ మండకుండానే పొగలో కలిసి పోతుంది. పాత రోటరీల్లో పొగ కన్నం రోటర్ చుట్టూ ఉన్న గోడలో ఉండేది. ఆర్‌ఎక్స్-8లో దాన్ని పక్క గోడల్లోకి మార్చారు. పొగ పోవడం, కొత్త గాలి రావడం ఒకేసారి జరక్కుండా చేసి, పెట్రోల్ వృథానీ కాలుష్యాన్నీ తగ్గించారు. 2003లో ఈ ఇంజన్‌కి అంతర్జాతీయ 'ఇంజన్ ఆఫ్ ది ఇయర్' వచ్చింది. గది మాత్రం అప్పడంలానే ఉంది.

రెండో దాహం ఇంజన్ ఆయిల్‌ది. నా కారు 1,200 మైళ్లకి ఒక క్వార్ట్, అంటే లీటరుకి కాస్త తక్కువ, తాగేది. పాడైపోయి కాదు, తాగేలా చేసిందే అలా. పిస్టన్ ఇంజన్లో కింద ఉన్న ఆయిల్ ఎగజిమ్మి సిలిండర్ గోడని తడుపుతుంది, రింగు దాన్ని గీరి కిందికి పంపేస్తుంది. రోటర్ మూలల్లో గాలి జారకుండా ఆపే సన్నటి బద్దీలకి, అంటే సీళ్లకి, ఆ వసతి లేదు. అవి నేరుగా మంటలోనే రాసుకుంటూ పోతాయి. అందుకని ఒక చిన్న పంపు సన్నటి జల్లుగా ఆయిల్‌ని లోపలికి పంపుతుంది, అది పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది. రెండుసార్లు పెట్రోల్ కొట్టిస్తే ఒకసారి డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఈ పని చెయ్యలేను అనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవడం మంచిది, మిగతాదంతా దీని తర్వాతే.

నేను ఇంకో పని కూడా చేసేవాణ్ని. ట్యాంకులో గ్యాలన్‌కి 15 మిల్లీలీటర్ల చొప్పున టూ స్ట్రోక్ ఆయిల్ కలిపేవాణ్ని. కంపెనీ చెప్పింది కాదు, రోటరీ నడిపేవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు. 2014లో నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు బంకులో నేను సీసా తీసి కొలిచి పోస్తుంటే చూసి దిగి వచ్చారు. "ఏంట్రా, ఇక్కడ కూడా 2టీ ఆయిలేనా?" అన్నారు. ఆయనకి పదహారేళ్లు బజాజ్ చేతక్ ఉండేది. బంకులో పెట్రోల్ కొట్టించాక పక్కనున్న చిన్న పంపులోంచి 2టీ ఆయిల్ పోయించడం నాకూ గుర్తే, ముందు నిలబడి ఆ ఆకుపచ్చ చుక్కలు చూసేవాణ్ని. ఆ సాయంత్రం గరాజ్‌లో కారు స్టార్ట్ చేస్తే నాన్న వెనక నిలబడి, "వాసన కూడా మన చేతక్‌దేరా" అన్నారు. ఉన్న మూడు నెలలూ డిప్‌స్టిక్ చూసే పని ఆయనే తీసుకున్నారు. ఆదివారం పొద్దున్నే పాత బనీను ముక్కతో తుడిచి, వెలుగులో పెట్టి చూసి, "పావు తగ్గింది, పొయ్యి" అనేవారు.

ఇక ఈ కారు నాకు నేర్పిన మొదటి పాఠం. 2012 జనవరి, గట్టి చలి. టైర్లు మార్పించడానికి ఒక షాపులో ఇచ్చాను. పని అయ్యాక వాళ్లు స్టార్ట్ చేసి, ఇరవై అడుగులు బయటికి జరిపి, ఆపేశారు. నేను వెళ్లి తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతోంది తప్ప ఇంజన్ అందుకోవడం లేదు. ఏ కారునైనా అలాగే జరుపుతారు, వాళ్ల తప్పేమీ లేదు. చెప్పాల్సింది నేను. చల్లటి ఇంజన్ మొదట్లో ఎక్కువ పెట్రోల్ తీసుకుంటుంది. వెంటనే ఆపేస్తే మండని పెట్రోల్ గదుల్లో ఉండిపోతుంది. అది సీళ్ల మీదున్న ఆయిల్ పొరని కడిగేస్తుంది. ఆ పొర లేకపోతే మూలల్లోంచి గాలి జారిపోయి కంప్రెషన్, అంటే గదిలో నొక్కుడు ఒత్తిడి, రాదు. పైగా ప్లగ్‌లు తడిసి ఉంటాయి. ముదిరితే బ్యాటరీ అయిపోయేదాకా తిప్పినా లాభం ఉండదు.

దీనికి చిట్కా ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కి పట్టుకుని స్టార్టర్ తిప్పాలి. అప్పుడు ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి, గాలి ఒక్కటే లోపలికి పోయి గదుల్ని ఆరబెడుతుంది. పదేసి సెకన్లు, మధ్యలో విరామం, ఆరేడుసార్లు. తర్వాత కాలు తీసి మామూలుగా తిప్పితే దగ్గి, తెల్లటి పొగ కక్కి లేచింది. ఆ రోజు నుంచి కారు ఎవరి చేతికిచ్చినా ముందు ఈ మాటే: స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా ఆపకండి. మా ఇంట్లో కారు గరాజ్‌లోంచి బయటికి తియ్యాలంటే కనీసం ఐదు నిమిషాల పని ఉండాలి. లేకపోతే తియ్యం.

రెండో పాఠం ఇగ్నిషన్ కాయిళ్లు. నాలుగు ప్లగ్‌లకి నిప్పు పుట్టించే కరెంటు పంపేవి నాలుగు కాయిళ్లు. షాఫ్ట్ ప్రతి చుట్టుకీ నిప్పు వెయ్యాలి కాబట్టి వాటికి పని ఎక్కువ. 35 వేల మైళ్లకే నీరసపడతాయి. మొదటిసారి నేను ఆలస్యం చేశాను. కొద్దిగా లాగడం తగ్గింది, పెట్రోల్ వాసన పెరిగింది, చూద్దాంలే అనుకున్నాను. నిప్పు సరిగా పడక మండని పెట్రోల్ పొగ గొట్టంలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండింది. కన్వర్టర్ లోపల కరిగి, పూడుకుపోయి, పొగకి దారి లేక వేడి ఇంజన్‌లోకే తిరిగి కొట్టింది. రెండు వందల డాలర్ల కాయిళ్లు మార్చనందుకు వెయ్యి డాలర్లు దాటింది. తర్వాత 30 వేల మైళ్లకొకసారి కాయిళ్లు, వైర్లు, ప్లగ్‌లు అడక్కుండానే మార్చాను. ప్లగ్‌ల పని ఇంట్లోనే. ముందు ఎడమ చక్రం తీస్తే సులువుగా అందుతాయి. కిందిది ముందు నిప్పు వేసేది, పైది తర్వాత వేసేది. రెండూ ఒకే రకం ప్లగ్‌లు కావు, తారుమారు చెయ్యకూడదు.

2015 ఎండాకాలంలో అసలు జబ్బు బయటపడింది. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చి తాళం తిప్పితే లేవలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకి లేచిన ఇంజన్ అది. వేడిగా ఉన్నప్పుడే లేవకపోవడం రోటరీలో అరిగిన సీళ్ల లక్షణం. వేడికి ఆయిల్ పల్చబడి సందుల్ని మూయలేదు. బానెట్ ఎత్తి ఎండలో అరగంట నిలబడ్డాం. మా ఆవిడ చేతిలో పాల డబ్బా, కొత్తిమీర. "ఏవండీ, పాలు విరిగేలా ఉన్నాయి" అని ఒక్కసారి అంది, ఆ తర్వాత ఏమీ అనలేదు. ఏడాది పాటు వేడి మీద కారు ఆపాల్సిన చోటికి వెళ్లకుండా నెట్టుకొచ్చాను. కంప్రెషన్ పరీక్ష చేయించాను. మామూలు గేజీ దీనికి పనికిరాదు. ఒక్కో రోటర్ మూడు ముఖాల లెక్కా విడివిడిగా చెప్పే పరికరం కావాలి. నిమిషానికి 250 చుట్ల దగ్గర 120 పీఎస్‌ఐ ఉంటే ఆరోగ్యం, 100 కిందికి పోతే ఇంజన్ అయిపోయినట్టే. కొన్నప్పుడు అన్ని ముఖాలూ 112కి పైనే. 2016లో ముందు రోటర్ 92, 88, 94. వెనకది 84, 81, 86.

ఈ ఇబ్బంది నా ఒక్కడిదే కాదు. 2004 నుంచి 2008 వరకు మోడళ్లకి కంపెనీ ఇంజన్ వారంటీని 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లకి పొడిగించింది. నా కారు మైళ్లలో దాని లోపలే ఉంది, ఏళ్లలో దాటిపోయింది. నా ఇంజన్ ఆయువు తగ్గడంలో నా ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఉన్న నాలుగు మైళ్లకి పెద్ద వాటా ఉందని ఇప్పుడు నమ్ముతున్నాను. సరిగ్గా వేడెక్కేసరికి ఆఫీసు వచ్చేసేది. ఇలాంటి పొట్టి ప్రయాణాల్లో మసి పేరుకుంటుంది. మసి సీళ్లని వాటి గాడుల్లో బిగించేస్తుంది.

రోటరీలు మాత్రమే కట్టే ఒక పెద్దాయన మూడు గంటల దూరంలో దొరికాడు. ఇంజన్ విప్పేరోజు వచ్చి చూస్తానంటే రమ్మన్నాడు. బల్లమీద అది ఐదు పొరల దిమ్మె. ఇనుప పలక, రోటర్ హౌసింగ్, ఇనుప పలక, హౌసింగ్, ఇనుప పలక. పొడుగాటి బోల్టులు తియ్యగానే పొర మీద పొర లేచి వచ్చింది. లోపల కదిలేవి ముఖ్యంగా మూడే, రెండు రోటర్లూ షాఫ్టూ. కాకినాడలో ఐదు మార్కులకి గీసిన బొమ్మ నా కళ్లముందు నూనెతో మెరుస్తూ ఉంది. చాలాసేపు మాట రాలేదు.

మూలల సీళ్లు ఆరూ వరుసగా పేర్చాడు. 2 మిల్లీమీటర్ల మందం, అంతే. అంత సన్నటి ఇనుప బద్దీల మీద ఆధారపడి ఆ కారు మొత్తం 87 వేల మైళ్లు తిరిగింది. అన్నీ నడుమ ఎక్కువ అరిగి ఉన్నాయి. ఎందుకని అడిగాను. హౌసింగ్‌లో ఆయిల్ జల్లే కన్నాలు వేలితో చూపించాడు. రెండే ఉన్నాయి. 2009 నుంచి వచ్చిన మోడళ్లలో మధ్యలో మూడోది చేర్చారని చెప్పాడు. పక్క సీళ్లు కొన్ని మసితో గాడుల్లో అతుక్కుపోయి, స్ప్రింగు నొక్కినా లేవడం లేదు. ప్లగ్ కన్నాల దగ్గర హౌసింగ్ క్రోమ్ పూత రేకులుగా లేచి ఉంది.

నేను వెతికింది ఇంకో గుర్తు. 1957లో జర్మనీలో ఎన్ఎస్‌యూ కంపెనీలో ఫెలిక్స్ వాంకెల్ ఇంజన్ మొదటిసారి తిరిగింది. 1961లో హిరోషిమా నుంచి మాజ్డా వాళ్లు దాని లైసెన్సు తీసుకున్నారు. కెనిచి యామమోటో కింద 47 మంది ఇంజనీర్లు కూర్చున్నారు. వాళ్లకి మొదట ఎదురైన కష్టం హౌసింగ్ గోడ మీద అడ్డంగా పడే గీతలు. సీళ్లు గోడని సాఫీగా రాయకుండా గిలగిలా కొట్టుకోవడం వల్ల పడేవి. వాటికి దెయ్యం గోళ్ల గీతలు అని పేరు పెట్టుకున్నారు. రకరకాల సీళ్లు చేసి చూసి, చివరికి కార్బన్‌లో అల్యూమినియం కలిపిన సీళ్లతో గట్టెక్కారు. 1967 మే 30న రెండు రోటర్ల కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది ఎన్ఎస్‌యూ తెచ్చిన ఆర్‌ఓ 80 కారు మొదట్లో సీళ్ల గొడవతోనే చెడ్డపేరు తెచ్చుకుంది. నా హౌసింగ్ గోడని టార్చి వేసి అంగుళం అంగుళం చూశాను. అలాంటి గీతలు ఒక్కటీ లేవు. ఆ 47 మంది గెలిచిన యుద్ధం అలాగే నిలిచింది. నన్ను ఆపింది సాదా అరుగుదల, మసి.

కొత్త హౌసింగ్‌లు, కొత్త సీళ్లు, స్ప్రింగులు, ఒక ఇనుప పలక, కొత్త స్టార్టర్. మొత్తం 4,800 డాలర్లు. అప్పటికి ఆ కారు అమ్మితే అందులో సగం వచ్చేదేమో. మా ఆవిడని అడిగాను. "దాన్ని అమ్మేస్తే మీరు ఆదివారాలు ఏం చేస్తారు?" అంది. కట్టించాను. కొత్త సీళ్లు ఒదిగేదాకా మొదటి 1,500 మైళ్లు 4 వేలు దాటించొద్దని పెద్దాయన షరతు. ఆ రెండు నెలలు నాకు చాలా కష్టంగా గడిచాయి.

తర్వాతి ఏడేళ్లు నా పద్ధతి మారింది. నాలుగు మైళ్ల ఆఫీసుకి ఈ కారు తియ్యడం మానేసి, తీసినరోజు కనీసం అరగంట నడిపేవాణ్ని. వేడి ముల్లు స్థిరపడి పది నిమిషాలు గడిచాక ఒకసారైనా ఎర్రగీత దాకా తీసుకెళ్లేవాణ్ని. మసి వదలడానికి రోటరీ వాళ్లందరూ చెప్పే మందు ఇదే. మామూలు కారుని జాగ్రత్తగా చూసుకోవడమంటే మెల్లగా నడపడం. దీన్ని మెల్లగా, తక్కువ దూరాలు నడిపితే చంపుకున్నట్టే. 1991లో లె మాన్స్‌లో నాలుగు రోటర్ల 787బి కారు 24 గంటల పోటీలో 362 ల్యాపులు తిరిగి గెలిచిందని విన్నప్పుడు, ఇంత సున్నితమైన ఇంజన్ అదెలా చేసిందని నాకు సందేహం ఉండేది. ఇప్పుడు లేదు. ఒకసారి వేడెక్కి, ఒకే ఊపులో, ఆపకుండా తిరగడమే దీనికి అన్నిటికంటే ఇష్టమైన పని. చలిలో ఇరవై అడుగులు జరగడం దీనికి లె మాన్స్ కంటే కష్టం.

ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయింది. 2023లో మాజ్డా మళ్లీ రోటరీ మొదలుపెట్టింది, ఎంఎక్స్-30 ఆర్-ఈవీలో. ఒకే రోటర్, 830 సీసీ. చక్రాల్ని తిప్పదు, బ్యాటరీకి కరెంటు పుట్టించడమే పని. మూలల సీళ్ల మందం 2.5 మిల్లీమీటర్లకి పెంచారు. నా అరిగిన సీళ్లు చేతిలో పట్టుకుని చూసినవాడిగా ఆ అర మిల్లీమీటరు విలువ నాకు తెలుసు. చక్రాలతో సంబంధం లేకుండా జనరేటర్ తిప్పడం కూడా దీని స్వభావానికి సరిపోయే ఉద్యోగమే. తేలిగ్గా ఉండి బలం ఎక్కువ ఇస్తుంది కాబట్టి డ్రోన్లలోనూ వాడతారు. మనదేశంలో బెంగళూరులో విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వాళ్లు నిశాంత్ అనే డ్రోన్ కోసం 55 హార్స్‌పవర్ వాంకెల్ తయారుచేశారు. కానీ 9 వేల దాకా చేత్తో గేర్లు మారుస్తూ వెళ్లే రోటరీ కారు ఇప్పుడు కొత్తది ఎక్కడా దొరకదు. నాకు అదొక్కటే బాధ.

పాతది కొనాలనుకునేవాళ్లకి నా మాట: కంప్రెషన్ కాగితం లేకుండా డబ్బు ఇవ్వకండి. బాగా వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. ఇంట్లో ఇంకో కారు ఉంటేనే కొనండి. ఇంజన్ కట్టడానికి సరిపడా డబ్బు పక్కన పెట్టుకోండి, మైళ్లు ఎన్నైనా సరే.

2023 అక్టోబరులో కొనడానికి వచ్చినవాడు పాతికేళ్ల కుర్రాడు. 2022లో తీసిన కంప్రెషన్ కాగితం ఇచ్చాను, అన్ని ముఖాలూ 108కి పైన. పెట్రోల్ లెక్కల నోటుబుక్కు, సగం మిగిలిన టూ స్ట్రోక్ ఆయిల్ సీసా, నాన్న వాడిన డిప్‌స్టిక్ గుడ్డ కూడా ఇచ్చాను. చలిలో ఆపొద్దనే సంగతి రెండుసార్లు చెప్పాను. డబ్బు లెక్క అయ్యాక అతను స్టార్ట్ చేసి, పాత టైర్లు ఎక్కించుకోవడానికి కారుని గరాజ్ తలుపు దాకా వెనక్కి జరిపాడు. పదిహేను అడుగులుంటుంది. దిగాడు, టైర్లు ఎక్కించాడు. ఇంజన్ ఆపలేదు. మళ్లీ లోపల కూర్చుని, వేడి ముల్లు మధ్యకి వచ్చేదాకా చూస్తూ ఉన్నాడు. అప్పుడు గేరు వేశాడు.